ఐదు రేకుల పువ్వు

2004వ సంవత్సరం సెప్టెంబరు 27వ తేదీ, సోమవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నా బల్ల మీద పరచి ఉన్న పాత నమాజు తివాచీ మీది నుంచి తడిగుడ్డ ఎత్తాను. వేసినప్పుడు ఆ గుడ్డ తెల్లగా ఉంది. ఎత్తేసరికి గులాబీ రంగులో ఉంది. దాని కింద, తివాచీ నడుమ ఉండవలసిన మీగడ రంగు కూడా గులాబీ అయిపోయింది.

ఆ తివాచీ నాది కాదు. ఏలూరులో నేను పనిచేసే తివాచీల కార్ఖానాది కూడా కాదు. తాడేపల్లిగూడెంలో ఉండే ఒక ముస్లిం పెద్దావిడ దగ్గర, అంతకు పదకొండు రోజుల ముందు, "తీసుకున్నది తీసుకున్నట్టుగా నవంబరు 8వ తేదీన అప్పగించగలదానను" అని నా దస్తూరీతో రాసి సంతకం చేసి తెచ్చుకున్నది. గోడ మీది క్యాలెండరు చూశాను. నలభై రెండు రోజుల గడువుంది.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో మీరు వేసిన నక్షాల్లో మీకు నచ్చినది ఏదని. ఆ నక్షా ఈ సంగతిలోదే. అడిగినవాళ్ళకు ఇంతవరకు ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. డైరీలు ముందేసుకుని కూర్చున్నాను గనుక ఈసారి తేదీలతో సహా చెబుతాను.

మీరిప్పుడు కంప్యూటరు తెర మీద గళ్ళు నింపుతున్నారు. మేము గళ్ళ కాగితం మీద నింపేవాళ్ళం. ఒక గడి అంటే ఒక ముడి. పాత తివాచీలోని తీగలు, పువ్వులు, కమానులు చూసి, ముడి ముడీ లెక్కపెట్టి కాగితం మీదికి ఎక్కించి నక్షా తయారుచేయడం నా పని. నేసేవాళ్ళు ఆ కాగితాన్ని మగ్గానికి తగిలించుకుని, చదువుకుంటూ కట్టుకుపోతారు. బొమ్మ ఎప్పుడూ పూర్తిగా వేసేదాన్ని కాదు. కుడి సగం వేసి ఇస్తే చాలు, ఎడమ సగాన్ని వాళ్ళు అదే కాగితాన్ని తిప్పి చదువుకుని కట్టగలరు. పాతకాలపు నేతలో ఎక్కడైనా ఒక ఆకు తప్పినా, తీగ పక్కకు జరిగినా, దాన్ని సరిదిద్ది మరీ వేసేదాన్ని. తప్పు ఉన్నదున్నట్టు వేసిన కాగితం నా బల్ల మీది నుంచి ఒక్కటీ బయటికి వెళ్ళలేదు. ఆ సంగతి కార్ఖానాలో అందరికీ తెలుసు. నాకు కొంచెం ఎక్కువగానే తెలుసు.

ఆ ఏడు ఒక ఎగుమతి వ్యాపారి పాత ఏలూరు తరహా నక్షాలు ఐదు కావాలన్నాడు. నాలుగు మా బీరువాలోని పాత కాగితాల్లోంచి తయారయ్యాయి. ఐదోదాని కోసం వాకబు చేస్తుంటే ఈ పెద్దావిడ సంగతి తెలిసింది. ఆవిడ మామగారు ఏలూరులో నేతపని చేసి, తన ఇంటి కోసం తన చేత్తో నేసుకున్న తివాచీ ఒకటి ఆవిడ దగ్గర ఉంది. ముప్ఫై అంగుళాల వెడల్పు, నలభై ఎనిమిది అంగుళాల పొడవు. దర్జీ పని చేసే కొడుకు దగ్గర ఆవిడ గూడెంలో ఉంటున్నారు.

తివాచీ నా చేతికిచ్చేముందు ఆవిడ దాన్ని పరిచి, అంచు మీద ఒక పువ్వు చూపించారు.

"చూశారామ్మా? అన్నిటికీ ఆరు రేకులు. దీనికి ఐదే. మా పిల్లలు చిన్నప్పుడు ఎండలకి బయటికి పోనివ్వకపోతే, ఆ ఐదు రేకుల పువ్వెక్కడుందో వెతుక్కునేవారు. ఇప్పుడు మనవలు వెతుక్కుంటున్నారు."

"మీ మామగారు చూసుకోలేదాండీ?"

"చూసుకున్నారు. అప్పటికే మగ్గం మీంచి దింపేశారంట. ఉండనీలే, పిల్లలకి పని ఉంటుంది అన్నారంట."

అని నవ్వి, తరువాత నవ్వకుండా చెప్పారు. "రంజాన్ నాడు మా అబ్బాయి దీన్నే భుజానేసుకుని ఈద్గాకి వెళ్తాడమ్మా. వాళ్ళ నాన్న కూడా దీని మీదే. పండక్కి వారం ముందు నా ఇంట్లో ఉండాలి."

"తప్పకుండా అండీ."

నా నోటు పుస్తకంలో పాత వస్తువుల కోసం పదకొండు గడులు గీసుకుని ఉంచుకునేదాన్ని. పొడవు, వెడల్పు, నేసినవారు, నేసిన ఏడు, ఎండ తగిలిందా, ఎక్కడ దాచారు, ఇలాంటివి. పదకొండూ ఆవిడనడిగి పూర్తిచేశాను.

ఇక తడిగుడ్డ సంగతి. పాత ఊలు వెలిసిపోతే అసలు రంగేదో పోల్చుకోవడం కష్టం. తడిపితే లోపలి రంగు కాసేపు పైకి తేలుతుంది. కాబట్టి తెల్లగుడ్డ తడిపి, బాగా పిండి, ఆ చోట వేసి, తీసి, చటుక్కున చూసుకోవాలి. దానికి ముందు ప్రతి రంగునూ ఒక మూల తడిదూదితో ఒత్తి పది నిమిషాలు ఆగి, దూదికి అంటుకుంటోందో లేదో చూడాలి. నేను చూశాను. ఆ తివాచీలోని ఏడు రంగులూ చూశాను. ఎరుపు అంచులోనూ ఉంది, నడుమ కమాను దగ్గర కూడా ఉంది. రెండూ ఒకే ఎరుపు అనుకుని అంచులోది మాత్రం చూశాను. తడిగుడ్డ వేసిన వెంటనే మేనేజరుగారు ఫోనుకు పిలిచారు. వెళ్ళి వచ్చేసరికి ఇరవై నిమిషాలయింది.

మరక నాలుగంగుళాల పొడవు, రెండున్నర అంగుళాల వెడల్పు. అందులో రంగు మారిన మీగడ ముళ్ళు రెండు వందల పన్నెండు. ఎందుకు లెక్కపెట్టానో తెలియదు. లెక్కపెట్టడం తప్ప ఆ క్షణంలో నాకు మరే పనీ చేతకాలేదు.

తివాచీని పొడిగుడ్డల మధ్య ఆరబెట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ రోజు డైరీలో "తివాచీ క్షేమం" అని రాశాను. పద్నాలుగో ఏట నుంచి రాస్తున్న డైరీలో నాకు తెలిసి మొదటి అబద్ధం అదే.

మర్నాటి నుంచి భయానికి అలవాటు పడవలసి వచ్చింది. దెందులూరు నుంచి బస్సులో వస్తుంటే పక్క సీటులో ఎవరైనా గూడెం మాట ఎత్తితే కిటికీ వైపు తిరిగేదాన్ని. కార్ఖానాలో ఫోను మోగితే కలం ఆగిపోయేది. బీరువా తాళంచెవి మెడలోని గొలుసుకు తగిలించుకున్నాను. ఆదివారం చర్చిలో మోకరించినప్పుడు ఆ ఇనప ముక్క చల్లగా గుండెకు తగిలేది. ప్రార్థనలో కూడా నేను అడిగింది క్షమాపణ కాదు, మరక పోవాలని.

అక్టోబరు 3, ఆదివారం, తివాచీని రెక్సిను సంచిలో పెట్టుకుని మా పాత రంగుల మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. కార్ఖానాలో ముప్ఫై ఏళ్ళు ఊలుకు రంగులు వేసి, రిటైరై, కొల్లేటి నడుమ లంకలో తన ఊళ్ళో ఉంటున్నాడు. గట్టు దాకా ఆటో, అక్కణ్ణుంచి పడవ. వానలకు కొల్లేరు నిండుగా ఉంది. గడకర్ర ఎత్తినప్పుడల్లా పడే చుక్కలు చూస్తూ సంచిని కడుపులో దాచుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాను. ఒక తడిగుడ్డ అంత పని చేస్తే, చుట్టూ కనుచూపు మేరా నీళ్ళే.

"రండి రండి డ్రాయింగమ్మగారూ! చేపల కోసం వచ్చారా, నా కోసమా?" అన్నాడు మేస్త్రి.

సంచి విప్పి చూపించాను. నవ్వు ఆగిపోయింది. కమాను దగ్గరి ఎర్ర దారాన్ని వేలితో ఉమ్మి అద్ది తడిపి, పంచె అంచు మీద రుద్దాడు. గులాబీ గీత పడింది.

"ఇది తివాచీతో పుట్టిన ఎరుపు కాదండీ. పొట్లం రంగు, బజార్లో అమ్మేది. ఎవరో తరవాత అతుకు కట్టారు. వెలిసిపోయి పాతదాంట్లో కలిసిపోయింది. నేనైనా మోసపోదునండీ."

ఆ చివరి మాట నన్ను ఊరడించడానికే. ఆయన మోసపోయే మనిషి కాదు.

"మరక తీయగలరా మేస్త్రిగారూ?"

"తీస్తానండీ. ఎరుపుతో పాటు మీగడ వస్తుంది. మీగడతో పాటు ఊలు వస్తుంది. ఆఖరికి దారాలు మిగుల్తాయి. అవి ఉతికి ఆరేసి ఇచ్చేద్దామాండీ?"

తివాచీ మడిచి మళ్ళీ సంచిలో పెట్టబోయాను.

"ఆవిడతో చెప్పారా?"

"లేదండీ."

"మరి నాకెందుకు చెబుతున్నారు? పడవెక్కి ఇంత దూరం వచ్చే బదులు, బస్సెక్కి గూడెం వెళ్తే సరిపోయేది కదండీ."

ఇంట్లోవాళ్ళు చేపల పులుసు పెట్టి భోజనం వడ్డించారు. ఒక్క ముద్ద దిగలేదు. చేపల్లో ఇసక తగిలిందేమోనని ఆయన భార్య నొచ్చుకుంది.

అక్టోబరు 5, మంగళవారం, మేనేజరుగారికి చెప్పక తప్పలేదు. మనిషి మంచివాడే. మంచివాళ్ళు భయపడితే ఎంత తెలివిగా ఆలోచిస్తారో ఆ రోజు చూశాను. ఆవిడ ఈ సంగతి నలుగురికీ చెబితే ఏలూరులో ఏ ఇల్లూ మనకి పాత తివాచీ చూపించదు అన్నారు. అది నిజమే. తరువాత లేచి తలుపు మూశారు.

"ఆవిడ వయసెంతండీ?"

"డెబ్బై ఒకటి."

"చూపు?"

"ఒక కంటికి శుక్లం ఉందండీ."

"మీరు దాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద వేయగలరు కదా?"

ఆయన ఏమంటున్నారో నాకు అర్థమయింది. అర్థం కానట్టు కూర్చున్నాను.

"ఊలుని టీ నీళ్ళలో ముంచి వారం ఎండబెడితే యాభై ఏళ్ళు వచ్చేస్తాయండీ. నాకూ అలా వస్తే బావుణ్ణు, పింఛను పుచ్చుకునేవాణ్ణి. నేసి, పైన కత్తెరతో కాస్త అరగదీద్దాం. మరక లేని తివాచీ ఆవిడకి వెళ్తుంది. మీరే చెప్పండి, ఎవరికండీ నష్టం?"

చెప్పడానికి నాకు చాలా జవాబులు తోచాయని ఇప్పుడు రాసుకోవచ్చు. ఆ రోజు మాత్రం ఒక్కటే అడిగాను. "నవంబరు 8కి అవుతుందాండీ?"

ఆ మర్నాటి నుంచి ఎనిమిది పనిదినాలు, నా గది తలుపు వేసుకుని వేశాను. అడ్డం నూట ఎనభై గళ్ళు, నిలువు రెండు వందల ఎనభై ఎనిమిది. మొత్తం యాభై ఒక్క వేల ఎనిమిది వందల నలభై. సగం వేసి తిప్పుకుంటే కుదరదు. పాత నేతగాడి చేయి ఎడమవైపు ఒకలా, కుడివైపు ఒకలా నడిచింది. ఎడమ తీగ నాలుగు ముళ్ళు ముందే వంగుతుంది, కుడి కమాను ఒక వరుస ఎత్తులో ఉంటుంది. అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాను. మరక పడకముందు మీగడ ముళ్ళు ఎలా ఉండేవో అలాగే వేశాను. పై అంచున ఐదు రేకుల పువ్వు ఐదు రేకులతోనే వేశాను. అంతకుముందు గాని తరువాత గాని అంత మంచి పని చేయలేదు. ఆ ఎనిమిది రోజులూ నాకు భయం వేయలేదు. నేను దాచిపెట్టిన సంగతులన్నిటిలోనూ ఇప్పటికీ నన్ను ఎక్కువగా భయపెట్టేది అదే.

అక్టోబరు 14, గురువారం, కాగితాన్ని మా పెద్ద నేతగత్తెకు ఇచ్చాను. కార్ఖానాలో అందరూ ఆమెను ఆపా, అంటే అక్క, అనేవాళ్ళం. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆమె అమ్మా, అమ్మమ్మా కూడా మగ్గం మీద పనిచేసినవాళ్ళే. కాగితం విప్పింది. ఇంకా విప్పింది.

"ఏవండీ, ఇది మొత్తం వేశారేంటి? ఇన్నేళ్ళొచ్చాక మాకు తిప్పి చదవడం రాదనుకున్నారా?"

"అలా అడిగారు ఆపా, ఎగుమతివాళ్ళు."

"వాళ్ళకి కాగితం కావాలా, తివాచీ కావాలా?" అంటూ నవ్వుతూ వేలితో పై నుంచి కిందికి చదువుకుంటూ వచ్చింది. వేలు ఆగింది. "ఈ పువ్వుకి ఐదే ఉన్నాయండీ."

"అవును."

"మీరు తప్పు వేయరు కదా."

"ఉన్నది ఉన్నట్టు నేసెయ్యండి ఆపా."

ఆమె నా ముఖం కేసి ఎంతసేపు చూసిందో గడియారం చూడలేదు. పక్కన టీ రంగు పట్టి ఎండిన ఊలు ఉండలున్నాయి. వాటినీ చూసింది. కాగితం మడిచి చంకలో పెట్టుకుంది. ఆ చూపులో ఆమెకు అంతా తెలిసిపోయిందని నాకు తెలిసింది. అప్పటి నుంచి మగ్గాల షెడ్డు వైపు వెళ్ళడం మానేశాను.

రంజాన్ నెల మొదలైంది. అక్టోబరు 18న ఆపా మగ్గం ఎక్కింది. ఉపవాసంతోనే రోజుకు పదహారు వరుసలు, దసరా సెలవునాడు కూడా వచ్చి కట్టింది. పదహారేసి వరుసలైతే పద్దెనిమిది పనిదినాలు. నేను క్యాలెండరు మీద కొట్టివేసుకుంటూ వచ్చాను.

అక్టోబరు 25, సోమవారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు పెద్దావిడ కొడుకు నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"నమస్కారమండీ. లైనింగు గుడ్డకని ఏలూరొచ్చానండీ. అమ్మ ఒకసారి చూసి రమ్మంది. అది లేకపోతే గది బోసిగా ఉందంటుందండీ."

అతనికీ తివాచీకీ మధ్య ఒక బీరువా తలుపు, నా వీపు ఉన్నాయి. "కొలతల కోసం పలక మీద బిగించి ఉంచామండీ. ఇప్పుడు కదిలిస్తే మళ్ళీ మొదటికొస్తుంది" అన్నాను.

"అయ్యో, వద్దులెండి. మీ పని మీకు తెలుసు కదండీ." ఇంతలో షెడ్డులోంచి ముళ్ళు దిగగొట్టే చప్పుడు వినిపించింది. అతని ముఖం విచ్చుకుంది. "మా తాత ఇలాంటి షెడ్డులోనే చేసేవారంటండీ. ఒక్కసారి చూడొచ్చాండీ?"

అతను అడగడమే తరువాయి, రెండడుగులు వేసేశాడు. ఆ షెడ్డులో మొదటి మగ్గం మీదే అతని ఇంటి తివాచీ నకలు మూడో వంతుకు పైగా లేచి ఉంది. మేనేజరుగారు ఎక్కణ్ణుంచో పరుగున వచ్చి, "రండి బాబూ, ముందు టీ తాగి వెళ్దాం" అన్నారు.

"ఉపవాసమండీ" అన్నాడతను. మేనేజరుగారు నాలిక్కరుచుకున్నారు. ముగ్గురం షెడ్డు గుమ్మం దాటాం.

మొదటి మగ్గం మీద పైనుంచి కిందిదాకా ఆపా దుప్పటి కప్పి ఉంది. నా గదిలో మాటలు షెడ్డు దాకా వినపడ్డాయి కాబోలు. పక్కన ఆమె నిలబడి నడుము నొక్కుకుంటోంది. అతనితో ఉర్దూలో ఏదో మాట్లాడింది. ఏ వీధి, ఎవరి మనవడివి అని అడిగినట్టుంది. అతను తాత పేరు చెప్పాడు. ఆమె తలూపింది. అతను వెళ్ళిపోయాక నేను ఆమె వైపు చూసి ఏదో అనబోయాను. దుప్పటి తీసి, నాకు వీపు పెట్టి కూర్చుంది.

నవంబరు 6, శనివారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు తివాచీని మగ్గం మీంచి కోశారు. ఇక వెళ్ళక తప్పలేదు. బల్ల మీద పరిచి, పాతదాన్ని పక్కన వేసి, మరక మీద కాగితం కప్పి చూశాం. తీగ అక్కడే వంగింది. కమాను ఒక వరుస ఎత్తులోనే ఉంది. "అమ్మ బాబోయ్" అన్నారు మేనేజరుగారు. నేను పై అంచు చూశాను. పువ్వుకు ఆరు రేకులున్నాయి.

"ఆపా, ఇక్కడ ఐదు ఉండాలి."

"ఉన్నది ఉన్నట్టు నేయమన్నారు కదండీ. పువ్వుకి ఆరు ఉంటాయి."

మేనేజరుగారు దగ్గరికి వచ్చి లెక్కపెట్టారు. "ఎంతండీ, పద్నాలుగు ముళ్ళు. విప్పి మీగడ రంగు కట్టేస్తే సరి. గంట పని. ఆపా, కాస్త..."

ఆమె నడుమున దోపుకున్న ముళ్ళు కోసే చిన్న కత్తి తీసింది. మేనేజరుగారికి ఇవ్వలేదు. నాకు ఇచ్చింది.

"మీరు కట్టుకోండి మేడమ్‌గారూ. నేను కట్టను."

"మరి ఆ రోజు దుప్పటి కప్పి కాపాడారు కదా ఆపా?"

"ఆ అబ్బాయిని కాపాడానండీ. ఉపవాసంతో ఉన్నాడు, చూస్తే అక్కడే కూలబడతాడని. మీ కోసం కప్పలేదు." తరువాత గొంతు తగ్గించి అంది. "మా ఇంట్లో కూడా మా అమ్మమ్మది ఒకటుందండీ. రేపు మీరే వచ్చి అడుగుతారు, నక్షా వేసుకుని ఇస్తానని."

కత్తి నా చేతిలో ఉంది. ముడి ఎలా కడతారో పదిహేడేళ్ళుగా చూస్తున్నదాన్ని. పద్నాలుగు ముళ్ళు నేనైనా కట్టగలను. కత్తి మొన రేకు మొదట్లో పెట్టాను కూడా. షెడ్డులో మిగతా మగ్గాల చప్పుడు ఆగిపోయింది. ఎనిమిది మంది ఆడవాళ్ళు తలలు తిప్పకుండానే చూస్తున్నారు. కత్తి బల్ల మీద పెట్టేశాను.

ఇది నా నిజాయితీ అని మీకు చెప్పలేను. నలభై రోజులుగా గూడెంలోని ఒక మనిషికి భయపడుతున్నాను. ఆ సాయంత్రం రోజూ ముఖం చూడవలసిన ఎనిమిది మందికి భయపడ్డాను. దగ్గరి భయం గెలిచింది.

"నేను వెళ్ళి చెప్పేస్తానండీ" అన్నాను మేనేజరుగారితో.

"వెళ్తే వెళ్ళండి. సోమవారం నేను సెలవులో ఉన్నానని గుర్తుపెట్టుకోండి" అన్నారు.

నవంబరు 8, సోమవారం, తొమ్మిదింబావుకు ఏలూరులో బస్సెక్కాను. ఒళ్ళో పాత తివాచీ, చుట్టిన నక్షా కాగితం. దెందులూరులో బస్సు ఆగినప్పుడు దిగి ఇంటికి పోదామా అనిపించింది. భీమడోలు దగ్గర ఇంకొకసారి. ఉంగుటూరు దాటాక ఇక అనిపించలేదు. గూడెంలో దిగేసరికి పది గంటల యాభై నిమిషాలు.

కొడుకు వీధి గదిలో మిషను కుడుతున్నాడు. పెద్దావిడ లోపల్నుంచి వచ్చి, "మాట ప్రకారం వచ్చారమ్మా!" అన్నారు. ఆ మాటకు నేను నేల చూపులు చూశాను. తివాచీ విప్పి చాప మీద పరిచాను. మిషను ఆగింది.

ఆవిడ వంగి, బాగున్న కంటిని దగ్గరగా పెట్టి చూశారు. మరక మీద అరచెయ్యి ఆనించారు.

"నీళ్ళు తగిలాయా?"

"నేనే తగిల్చానండీ. సెప్టెంబరు 27న."

ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. "నెల దాటిపోయిందే."

"నలభై రెండు రోజులండీ."

"మరి నేనొచ్చినప్పుడు?" అన్నాడు కొడుకు, మిషను దగ్గర నుంచి లేవకుండానే.

"అప్పటికే అయిపోయిందండీ. బీరువాలో ఉంది. మీకు అబద్ధం చెప్పాను. ఆ షెడ్డులో దుప్పటి కింద ఉన్నది దీని నకలు. దీనికి బదులు అది ఇచ్చేద్దామని."

అతను లేచి నిలబడ్డాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఆవిడ చెయ్యి ఎత్తి అతన్ని ఆపారు. తల ఎత్తలేదు, ఆ మరకనే చూస్తూ మాట్లాడారు.

"ఈ ముక్క ఎలుక కొట్టేస్తే మా ఆయన కట్టాడమ్మా. ఊలుకి రంగు దొరక్క బజార్లో పొట్లం తెచ్చి, నా వంటింట్లో గిన్నె పాడుచేసి ఉడకబెట్టాడు. దీనికి నీళ్ళు తగలనివ్వకే అని చెప్పాడు. ముప్ఫై ఏళ్ళు తగలనివ్వలేదు. మీరు పొడవడిగారు, వెడల్పడిగారు, ఎండ తగిలిందా అనడిగారు. ఎక్కడైనా అతుకుందా అని అడిగారా అమ్మా? అడిగితే చెప్పనా?"

పదకొండు గడుల్లో ఆ గడి లేదు.

"ఆ కాగితం ఏంటి?"

ఇచ్చాను. ఆవిడ దాన్ని తివాచీ పక్కన పరిచి, వేలితో అంచు వెంట వెళ్ళి, పువ్వు దగ్గర ఆగారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. మిషను మీద ఉన్న గుడ్డ జారి కింద పడింది, అతను తీయలేదు.

"బాగా వేశారు" అన్నారు చివరికి. ఆ నలభై రెండు రోజుల్లో విన్న మాటలన్నిటిలోకీ నేను భరించలేకపోయింది అదొక్కటే. "ఇది నా దగ్గర ఉంచుతాను. ఇక దీన్ని నేయించకండి. ఆ నేసిన నకలు నా గడపలోకి వద్దు. ఎవరు నేశారో వాళ్ళకే ఇచ్చెయ్యండి."

"అలాగే అండీ."

గుమ్మం దాకా వచ్చారు. మర్యాద తప్పని మనిషి. "పండక్కి రమ్మని పిలవాలమ్మా. ఈ ఏడు పిలవలేను" అన్నారు.

మర్నాడు నా నోటు పుస్తకంలో పన్నెండో గడి గీశాను: అతుకులు, ఎవరు కట్టారు, దేనితో. ఆ తరువాత ఏ ఇంటికి వెళ్ళినా ముందు ఆ గడి నింపాకే తివాచీ మీద చెయ్యి వేశాను. మీరు కంప్యూటరు మీద చేసినా, మరెలా చేసినా, పాత వస్తువు చేతికి తీసుకునేముందు దానికి ఏం జరిగిందో దాన్ని దాచుకున్న మనిషిని అడగండి. నా లెక్కలో మీకు పనికొచ్చేది అదొక్కటే. మిగతావి డైరీలో ఉన్నవి ఉన్నట్టు దించుతున్నాను.

పోయినవి: మీగడ రంగు ముళ్ళు రెండు వందల పన్నెండు. యాభై ఒక్క వేల ఎనిమిది వందల నలభై గళ్ళ నక్షా ఒకటి, నకలు లేదు. వ్యాపారి అడిగిన ఐదో నక్షా. తివాచీ చూపిస్తామని మాటిచ్చి తరువాత వద్దన్న ఇళ్ళు మూడు. డైరీలో అబద్ధాలు ఒకటితో మొదలై పదిహేడు.

మిగిలినవి: తక్కిన నాలుగు నక్షాలు. ఉద్యోగం, 2009 దాకా. ఆరు రేకుల తివాచీ, ఆపా ఇంట్లో. రెండుసార్లు వద్దని మూడోసారి తీసుకుంది. ఆమె అమ్మమ్మ తివాచీ. నేను అడగలేదు, ఆమె చూపించలేదు.

తెలియనిది: ఆ ఏడు అతను మరకతో ఉన్న తివాచీని ఈద్గాకు తీసుకువెళ్ళాడో లేదో.

2005 నుంచి 2009 వరకు రంజాన్‌లు ఐదు. గూడెం నుంచి పిలుపు రాలేదు.